జనరల్‌కు ముందు ‘మాజీ’ ఉండాలా, ‘విశ్రాంత’ ఉండాలా?

ప్రశ్న: చైనా రక్షణమంత్రిగా పనిచేసిన చీ హావోతియాన్ జీవితంపై ఒక తెలుగు వ్యాసాన్ని దిద్దుతున్నాను. రచయిత ఆయనను ఒకచోట ‘మాజీ జనరల్’ అనీ, మరొకచోట ‘విశ్రాంత జనరల్’ అనీ, చివర ‘విశ్రాంత సేనాని’ అనీ రాశారు. వీటిలో దేనిని నిలపాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: ‘గతం’ అనే అర్థమున్న అరబ్బీ మాట ఉర్దూ మీదుగా మనకు ‘మాజీ’గా వచ్చింది. ఇది పదవికి చేరే మాట. 1993 నుంచి 2003 దాకా రక్షణమంత్రిగా ఉన్నారు గనుక ఆయన మాజీ మంత్రి. జనరల్ అన్నది పదవి కాదు, హోదా. ఉద్యోగం ముగిసినా అది పేరుతోనే ఉంటుంది గనుక అక్కడ ‘విశ్రాంత’ అనడమే సబబు. అయితే వ్యాసంలో ‘1987లో జనరల్ చీ సైనిక ప్రధానాధికారి అయ్యారు’ వంటి వాక్యముంటే దిద్దండి. చైనా సైన్యం 1965లో హోదాలను రద్దుచేసి, 1988లో తిరిగి ప్రవేశపెట్టింది. ఆ ఏడాది జనరల్ హోదా పొందిన 17 మందిలో ఆయన ఒకరు. అంటే ప్రధానాధికారి అయిననాటికి ఆయన ఇంకా జనరల్ కారు.

మరొకరు: ‘మాజీ సైనికుడు’ అని అందరమూ అంటున్నాం కదా, అక్కడ పదవి ఏముంది? నాకు అభ్యంతరమల్లా ‘సేనాని’ మీదనే. ‘సేనానీనామహం స్కందః’ అన్న గీతావాక్యంలో ఆ మాటకు సేనను ముందుండి నడిపేవాడని అర్థం. చీ కొరియా యుద్ధంలో పాల్గొన్నవారే అయినా, 1985లో జినాన్ సైనిక ప్రాంతానికి వెళ్లింది రాజకీయ కమిస్సార్‌గా, అంటే దళాలలో పార్టీ వ్యవహారాలు చూసే అధికారిగా. ‘సేనాని’ అంటే చదువరికి ఈ సగం కనబడదు.

సమాధానం: ‘మాజీ సైనికుడు’ వాడుకలో స్థిరపడిన మాట, దానిని కదిలించలేం. కానీ చీ విషయంలో ‘విశ్రాంత’ను బలపరిచే ఆధారం చైనీస్‌లోనే ఉంది. అక్కడ మామూలు పదవీ విరమణను ‘తుయ్‌షియు’ అంటారు. 1949లో ప్రజా గణతంత్రం ఏర్పడకముందే కమ్యూనిస్టు ఉద్యమంలో చేరినవారిది ‘లీషియు’, అంటే కొలువు వీడి విశ్రమించడం. వారికి పూర్తి జీతమూ పాత గౌరవాలూ కొనసాగుతాయి. 1940లలోనే కమ్యూనిస్టుల నాయకత్వంలోని ఎనిమిదవ మార్గ సైన్యంలో చేరిన చీ ఈ రెండవ కోవకు చెందుతారు.

ఇంకొకరు: పేరు గురించి ఒక మాట. చైనీస్ ఉచ్చారణలో మొదటి అక్షరం మహాప్రాణమే గనుక, నియమం ప్రకారమైతే ‘ఛీ’ అని రాయాలి. అయినా తెలుగు వాక్యం మొదట్లో ‘ఛీ’ కనబడితే చదువరి ఆ జనరల్‌ను ఎవరో తిడుతున్నారనుకుంటాడు, ‘చీ’నే ఉంచండి.