రజో పండుగ పిఠాలు, మామగారి షుగరు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా మామగారికి చాలాకాలంగా మధుమేహం ఉన్నది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు; ఇటీవలి రక్తపరీక్షలో చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది. జూన్ నడుమ రజో పండుగ మూడు రోజులూ పక్కింటి ఒడియా వారు పొడొపిఠా (బియ్యప్పిండి, బెల్లంతో కాల్చి చేసే పిండివంట) పంపిస్తారు, ఆయన వద్దనలేరు. బెల్లంతో చేసినది గనుక ఫరవాలేదని అత్తగారు, తీపి ముట్టనే కూడదని మా మరిది అంటున్నారు. ఆ రోజు కొంచెం పెట్టవచ్చునా? పెడితే మాత్ర అదనంగా వేయాలా?

సమాధానం (బరంపురం):
అమ్మా, బెల్లంలోనూ అధికభాగం సుక్రోజే కాబట్టి అది రక్తంలో గ్లూకోజును ఇంచుమించు పంచదారలాగే పెంచుతుంది. ఈ విషయంలో అత్తగారి మాట నిలవదు. పైగా పొడొపిఠాలో బియ్యం కూడా ఉన్నది గనుక, దానిని భోజనం తరువాత వచ్చే అదనపు తీపిగా కాక ఆ పూట అన్నంలో ఒక భాగంగా లెక్కించాలి. అన్నం ఆ మేరకు తగ్గించి, ముందు కూర, పప్పు, చేప తిననిచ్చి, చివరన చిన్న ముక్క పెట్టండి. పీచు, మాంసకృత్తులు ముందుగా కడుపులోకి చేరితే గ్లూకోజు అంత వేగంగా ఎగబాకదు. తరువాత ఒక పావుగంట నడిపించండి. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూడండి. సాధారణంగా 180 లోపు ఉండాలంటారు, పెద్ద వయసువారికి డాక్టరు వేరే హద్దు చెప్పి ఉండవచ్చు. ఆయనకు ఎంత ముక్క సరిపడుతుందో మనందరి సలహాల కంటే ఆ అంకే బాగా చెబుతుంది.

సమాధానం (రాయగడ):
మాత్ర సొంతంగా పెంచకండి. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది కాబట్టి, సాయంత్రం పిఠా తినవచ్చునని మధ్యాహ్న భోజనం మానేసినా చక్కెర 70 కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉన్నది. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్షించండి. మనిషి స్పృహలో లేకపోతే నోట ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. విచిత్రమేమంటే ఆ సమయంలో పిఠాగానీ ఛెనాపొడొ (విరిగిన పాలతో కాల్చి చేసే మిఠాయి) గానీ అంతగా పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది.

సమాధానం (జయపురం):
మీ మరిదిగారి పట్టుదలతో నాకు ఏకీభావం లేదు, ఇంట్లో పూర్తిగా కట్టడి చేస్తే పెద్దవారు బజారులో చాటుగా తింటారు, అది ఎవరి లెక్కలోకీ రాదు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటును చూపుతుంది. ఒక ముక్క పిఠా కంటే రోజూ తాగే తీపి టీలు, రాత్రి రెండోసారి వడ్డించుకునే అన్నమే దానిని ఎక్కువగా కదిలిస్తాయి. అయితే మూడు రోజుల్లో ఏ ఒక్క రోజు తింటారో ఆయననే ఎంచుకోమనండి, మిగతా రోజుల పిఠా పిల్లలకు పెట్టండి. దుకాణంలో షుగర్ ఫ్రీ అని అమ్మే మిఠాయిలతో సరిపెట్టాలనుకోకండి, వాటిలో మైదా, కోవా ఉంటే పిండిపదార్థం ఉన్నట్టే.