అప్‌డేట్: మావాడి కార్న్ స్నేక్ ఇప్పుడు కుదురుగా ఉంది

పోయిన నెల అడిగాను కదా, డాలస్‌లో మా అబ్బాయి తెచ్చుకున్న కార్న్ స్నేక్ (విషం లేని పెంపుడు పాము) పిల్ల రాత్రంతా దాని పెట్టె అద్దానికి ముక్కు రాస్తూ తిరుగుతోంది, రెండుసార్లు తిండి ముట్టలేదు, ఏం చేయాలని. మీరు చెప్పినవి దాదాపు అన్నీ చేశాను.

అసలు తప్పు హీట్ మ్యాట్ (పెట్టె అడుగున పెట్టే, వేడినిచ్చే చాప) దగ్గర. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా నేరుగా ప్లగ్గులో పెట్టేశాం. కొలిచి చూస్తే దాని మీది గాజు 108 డిగ్రీల ఫారన్‌హీట్! గుండె గుభేలుమంది. థర్మోస్టాట్ తగిలించాక వెచ్చటి వైపు 86, చల్లటి వైపు 76 దగ్గర నిలుస్తోంది.

దాక్కునే గూడు కూడా ఒక్కటే, అదీ చల్లటి వైపు. వెచ్చదనం కావాలా, చాటు కావాలా అని పాపం దాన్ని మేమే ఇరకాటంలో పెట్టాం. ఇప్పుడు రెండో వైపూ ఒకటి పెట్టాను. ఆస్పెన్ చెక్క తరుగు మూడంగుళాల మందాన పోస్తే అందులో సొరంగం తవ్వుకుని, తల మాత్రం బయటపెట్టి మావాణ్ణి చూస్తూ కూర్చుంటుంది.

మూతకి క్లిప్పులు కూడా బిగించాను. అంతకుముందు ఒక రాత్రి తప్పించుకుని వాషింగ్ మెషిన్ వెనక తేలింది. (మా అత్తగారికి ఈ సంగతి ఇంకా తెలీదు.)

ఇవన్నీ సర్దాక వారం పాటు దాన్ని కదపలేదు. ఎనిమిదో రోజు, ఫ్రీజర్‌లోది కరిగించి వెచ్చబెట్టిన ఎలుకపిల్లని పట్టకారుతో అందిస్తే ఒక్క ఉదుటున లాక్కుంది. పెద్దయ్యాక నాలుగడుగుల పెట్టె కొనాలి, దానికి మావాడు ఇప్పట్నుంచే డబ్బులు దాస్తున్నాడు.