బిషప్ అజరయ్య గారిని వలస వ్యవస్థ మనిషి అనవచ్చునా?

చర్చ ప్రారంభించినవారు:
డోర్నకల్ తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని స్వదేశీ క్రైస్తవ నాయకుడని కొనియాడటం మనకు అలవాటు. కానీ 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు అభిషేకం చేసిన సంఘం 1930 వరకు చట్టరీత్యా ఇంగ్లండు సంఘంలో (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో) భాగమే. ఆయన వెనుక నిలబడి అంత దూరం నడిపించినవారు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. అలాంటప్పుడు ఆయన వలస వ్యవస్థలోని మనిషేనని ఒప్పుకోవడానికి సంకోచమెందుకు?

మొదటి సమాధానం:
పదవి ఎవరు ఇచ్చారన్నది ఒక్కటే చూస్తే మీ మాట నిజమే. అయితే ఆ పదవికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ఏమన్నారో కూడా చూడాలి. తెల్లవారైన మిషనరీలు భారతీయ సహోద్యోగులను సమానులుగా చూడటం లేదని వారి ముఖం మీదే చెప్పి, మీరు పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను సైతం అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. భారతీయుల డబ్బుతో, భారతీయులే నడిపేలా 1903లో తిరునెల్వేలి మిషనరీ సంఘాన్ని స్థాపించినవారిలో ఆయన ఒకరు. ఆ సంఘం తరఫునే 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తమిళం మాతృభాష అయినా తెలుగు నేర్చుకున్నారు. తరువాతి కాలంలో, బ్రిటిష్ పాలకులు మతాల వారీగా ఇచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలు క్రైస్తవులకు వద్దని వాదించారు. పాలకుల చేతి మనిషి అలా వాదించడు.

రెండవ సమాధానం:
మీరిద్దరూ తెల్లవారి వైపు నుంచే ఆయనను తూస్తున్నారు. ఆయన చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. దళితుల మత మార్పిడులను 1930లలో గాంధీజీ విమర్శించినప్పుడు, తమ విశ్వాసాన్ని తామే తెలిసి ఎంచుకొనే శక్తి ఈ జనానికి ఉందని అజరయ్య గారు నమ్మారు. బాప్తిస్మం పొందినవారి చేతిని వారి తల మీదే పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని వారి నోటితోనే పలికించేవారు. ఆయన సంఘంలోని మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి గూటిలోని చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. కూలి గింజలతో బతికే ఇంట్లో, మేము కూడా ఇవ్వగలమన్న ఆ గర్వాన్ని ఏ దొర ఇచ్చాడు? అయితే ఒక మాట దాచను: మాల మాదిగల మధ్య దూరాన్ని ఆయన సంఘం చెరపలేకపోయింది, ప్రభు భోజనపు బల్ల దగ్గర కలిసినవారు పెళ్లిళ్ల దగ్గర విడిపోయారు. అజరయ్య గారిని నిలదీయవలసి వస్తే నేను వైట్‌హెడ్ గారి గురించి కాదు, ఆ పెళ్లిళ్ల గురించి నిలదీస్తాను.