రోజూ పరిగెత్తిస్తే పిల్లలు ఎత్తు పెరుగుతారా, లేక పెరిగే ఎత్తు కూడా ఆగిపోతుందా?

మారతహళ్ళి అమ్మ
మా బాబుకి 13 నిండాయి. ఎత్తు 149 సెంటీమీటర్లు, బరువు 37 కిలోలు. పోయిన ఏడాది ఇదే నెలలో 143 ఉన్నాడు. నేను 154, మా వారు 168. ఇక్కడ బెంగళూరులో ఇంటి దగ్గర ఒక అకాడమీలో వారానికి ఆరు రోజులు, పొద్దున అయిదున్నరకి, రోజుకి 8 కిలోమీటర్ల పరుగు, తర్వాత బార్‌కి వేలాడటం. ఆరు నెలల్లో నాలుగు అంగుళాలు గ్యారంటీ అంటున్నారు. మా మామగారేమో ఎదిగే వయసులో అంత పరుగు పెడితే ఎముకలు కురచైపోతాయి, పొట్టిగా మిగిలిపోతాడు అంటున్నారు. ఫీజు కట్టే ముందు తెలిసినవాళ్ళు చెప్పండి.

లాల్‌బాగ్ పడమటి గేటు
ఇద్దరి మాటా నిలవదండీ. పొడవాటి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లని మెత్తటి పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆడపిల్లల్లో 14, 15 ఏళ్ళకి, మగపిల్లల్లో 16, 17కి అటూ ఇటూగా అవి గట్టిపడి మూసుకుపోతాయి. పరుగు వాటిని ఎక్కువ కాలం తెరిచి ఉంచదు, ముందుగా మూసెయ్యదు. మనుషుల మధ్య ఎత్తు తేడాల్లో దాదాపు 80 శాతం వంశం నుంచి వచ్చేదే. మిగతాది తిండి, నిద్ర, చిన్నప్పటి జబ్బులు.

డాక్టర్లు వేసే లెక్క ఒకటుంది. మగపిల్లాడికైతే తల్లిదండ్రుల ఎత్తులు కూడి, 13 కలిపి, రెండుతో భాగించాలి. మీ ఇంట్లో 168, 154, 13 కలిపితే 335. సగం 167.5. దీనికి ఎనిమిదిన్నర అటూ ఇటూ సహజం. ఆడపిల్లకైతే 13 తీసేస్తారు.

ఇక నాలుగు అంగుళాలంటే 10 సెంటీమీటర్లు. మగపిల్లలు అతి వేగంగా పెరిగే ఏడాదిలోనే సగటు 9, 10 మధ్యే ఉంటుంది. దాన్ని ఆరు నెలల్లో ఇస్తాననేవాడికి ఫీజు కట్టొద్దు.

పీటీ సార్, కె.ఆర్.పురం
పుస్తకం చదివి చెప్పడం తేలిక. గ్రౌండ్‌లోకి వచ్చి చూడండి. పరిగెత్తినప్పుడు గ్రోత్ హార్మోన్ పెరుగుతుందా లేదా? పెరుగుతుంది. అది ఎముకల్ని పెంచుతుందా లేదా? పెంచుతుంది. మరి పరుగుకీ ఎత్తుకీ సంబంధం లేదంటారేంటి? ఎనిమిదో తరగతిలో చేరి పదో తరగతి అయ్యేసరికి జానెడు పెరగని పిల్లాడిని నేను చూడలేదు.

లాల్‌బాగ్ పడమటి గేటు
ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి మధ్య ఇంట్లో కూర్చున్న పిల్లాడూ జానెడు పెరుగుతాడు సార్. ముసలమ్మ కోడి కూస్తేనే ఊరికి తెల్లారుతుందన్నట్టుంది మీ లెక్క.

హార్మోన్ సంగతి. వ్యాయామంలో అది పెరిగే మాట నిజం. గంటా రెండు గంటల్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. అసలు పెద్ద విడుదల గాఢనిద్రలో జరుగుతుంది. ఆ కాస్త పెరుగుదల వల్ల చివరి ఎత్తు మారినట్టు ఎక్కడా రుజువు కాలేదు. హార్మోన్ లోపం ఉన్న పిల్లలకి ఏళ్ళ తరబడి ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తోంది. పరుగుతో పనైతే వాళ్ళకెందుకా సూదులు?

జీడీ అభ్యర్థి
అన్నా, నాకు 19. ఎత్తు 168.8. ఎస్సెస్సీ జీడీకి, అంటే కేంద్ర బలగాల కానిస్టేబుల్ పోస్టులకి, జనరల్‌లో 170 కావాలి. 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లోపే కొడుతున్నా. రన్నింగ్ ఇంకా పెంచితే ఆ 1.2 వస్తుందా?

లాల్‌బాగ్ పడమటి గేటు
రాదు తమ్ముడూ. 19కి గ్రోత్ ప్లేట్లు మూసుకుపోయి ఉంటాయి. అనుమానముంటే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తారు. ఎత్తు పెంచే పొడులు, బెల్టులు కొనకు. ఎత్తు నిబంధన తక్కువున్న నోటిఫికేషన్లు చూసుకో. తెలుగు రాష్ట్రాల కానిస్టేబుల్ పోస్టులకి మగవాళ్ళకి 167.6 చాలు.

సంగటి చెనిక్కాయ
పొద్దున లేవగానే కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ ఉంటుంది కదప్పా. ఆ లెక్కన ఈ పిల్లాడు పాసే.

లాల్‌బాగ్ పడమటి గేటు
వెన్నుపూసల మధ్య డిస్కుల్లో రాత్రి నీరు చేరుతుంది, పగలు శరీరం బరువుకి అది పిండుకుపోతుంది. రోజు మొత్తానికి ఎత్తులో సుమారు ఒక శాతం తేడా. కానీ అందులో సగం పైగా లేచిన మొదటి గంటలోనే పోతుంది. కొలిచే చోటికి వెళ్ళేలోపే అయిపోతుంది. గంట సేపు పరిగెత్తితే ఇంకొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది, పడుకుంటే తిరిగొస్తుంది. పరుగు తర్వాత కొలిచి "పొట్టయ్యాడు" అనేవాళ్ళు చూసేది ఇదే.

సంగటి చెనిక్కాయ
అంటే పడుకోబెట్టి తీసుకుపోయి కొలిపిస్తే?

లాల్‌బాగ్ పడమటి గేటు
కొన్ని మిల్లీమీటర్లు మిగలొచ్చు. 12 మిల్లీమీటర్లు మిగలవు. దీన్ని ఇక్కడితో వదిలెయ్యండి, అడిగింది 13 ఏళ్ళ పిల్లాడి గురించి.

సంగటి చెనిక్కాయ
ఒక్క మిల్లీమీటరుతో పోయినవాళ్ళున్నారు. మీకు చిన్నదైతే వాళ్ళకి చిన్నది కాదు.

వర్తూరు కోడలు
ఎత్తు అని చెప్పి ఏడాది ఫీజు ముందే కట్టించుకున్నారు మా దగ్గర కూడా, వేరే చోట. పెరగలేదేమంటే పిల్ల సరిగా వేలాడలేదన్నారు.

ఫిజియో, జయనగర
వేలాడటం వల్ల డిస్కులు కాసేపు సాగుతాయి, అంతే. భుజాలకీ పట్టుకీ మంచిది.

నాకు భయం వేసింది ఆరు రోజులు, 8 కిలోమీటర్లు అన్న దగ్గర. వేగంగా ఎదిగే ఏడాదిలో ఎముక ముందు పొడవవుతుంది, కండరమూ, దాన్ని ఎముకకి కట్టే స్నాయువూ తర్వాత అందుకుంటాయి. ఆ మధ్య కాలంలో అవి ఎముకకి అతుక్కున్న చోట లాగుతాయి. 8 నుంచి 14 ఏళ్ళలో మడమ వెనక నొప్పి వస్తే, మడమని రెండు పక్కల నుంచీ అరచేతులతో నొక్కి చూడండి. కలుక్కుమంటే అక్కడి గ్రోత్ ప్లేట్ వాచినట్టే. మోకాలిచిప్పకి రెండు వేళ్ళ కింద ఉండే బొడిపె నొప్పెడితే అదీ ఇదే కోవ. రెండూ భారం తగ్గిస్తే తగ్గుతాయి. మడమ నొప్పికైతే పిక్క సాగదీయాలి, మడమ కింద చిన్న మెత్త పెట్టాలి. పిల్లాడు కుంటుతుంటే పరుగు ఆపెయ్యాలి.

ఎముక మీద ఒకే ఒక్క చోట వేలు పెడితే నొప్పి, ఒంటికాలి మీద గెంతితే నొప్పి, రాత్రి పడుకున్నా నొప్పి. ఇది వేరు. ఎముకలో సన్న పగులు కావచ్చు. ఎక్స్‌రేలో మొదటి వారాల్లో కనపడకపోవచ్చు, ఎమ్మారై తీయాలి. స్ప్రే కొట్టి పరిగెత్తించకూడదు.

పీటీ సార్, కె.ఆర్.పురం
ఇదిగో, భయపెట్టడం మొదలైంది. మోకాళ్ళు అరిగిపోతాయని కూడా అనండి.

ఫిజియో, జయనగర
అననండీ. 2017లో వచ్చిన ఒక సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం, కదలకుండా ఉండేవాళ్ళలో 10.2, పోటీల స్థాయిలో ఏళ్ళ తరబడి పరిగెత్తేవాళ్ళలో 13.3. పరుగే కాపాడిందని దీంతో తేల్చలేం, బరువు తక్కువున్నవాళ్ళే పరుగులోకి వస్తారు కాబట్టి. కానీ మామూలు పరుగు మోకాళ్ళని తినేస్తుందన్న మాట మాత్రం నిలవదు. నేను అడ్డం చెప్పేది పరుగుకి కాదు, మోతాదుకి.

బెళ్ళందూరు బాబాయి
ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మాత్రం వద్దు. ఆ పొగలో ఊపిరి ఎగబీల్చడం కన్నా అగర చెరువు కట్ట నయం.

లాల్‌బాగ్ పడమటి గేటు
మామగారి మాటలో నిజం ఒకటుంది, అది ఎముక కురచవడం కాదు. తిండి. పరుగుకి కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ ఖర్చు. 37 కిలోలు, 8 కిలోమీటర్లు, అంటే 300. 13 నుంచి 15 ఏళ్ళ మగపిల్లాడికి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పే రోజువారీ లెక్క 2,860 కేలరీలు. అదే అందని ఇంట్లో ఈ 300 అదనం. ఒళ్ళు ఏం చేస్తుందంటే, బతకడానికి కావలసినవి నడిపి, ఎదుగుదలని పక్కన పెడుతుంది. ఆ లోటు ఏళ్ళ తరబడి సాగితే ఎత్తు మీద దెబ్బ పడొచ్చు.

ఆ 300 తిరిగి పెట్టడం కష్టమేమీ కాదు. ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, ఒక గుడ్డు. పరుగు అయిన గంటలోపు. కాల్షియం రోజుకి 1,000 మిల్లీగ్రాములు కావాలి. పాలూ పెరుగూ కలిపి అర లీటరైతే 600, నూరు గ్రాముల రాగిపిండితో చేసిన సంగటిలో 350. మన రాయలసీమ ఇళ్ళలో ఉన్నదే.

నిద్ర ఇంకో చిక్కు. 13 దాటిన పిల్లలకి 8 నుంచి 10 గంటలు. అయిదున్నరకి గ్రౌండ్‌లో ఉండాలంటే ఈ ఊళ్ళో నాలుగున్నర, అయిదుకి లేపాలి. ట్యూషన్, హోమ్‌వర్కు అయ్యి పదకొండుకి పడుకునే పిల్లాడికి ఆరు గంటలకి మించి దక్కదు. ఎత్తు కోసమని చెప్పి, ఎదుగుదల హార్మోన్ వచ్చే నిద్రనే కోస్తున్నారు.

అనంతపురం అక్క
ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. పరుగు పెంచి, తిండి పెంచకపోతే ముందు పోయేది నెలసరి. 15 వచ్చినా మొదలవకపోతే, మొదలయ్యాక వరసగా మూడు నెలలు ఆగితే "ప్రాక్టీసులో మామూలే" అని వదలకూడదు. ఎముకలు సన్నబడతాయి. ఎదుగుదల ఉరవడిలో ఉండే రెండేళ్ళలోనే పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో పావు వంతు చేరుతుంది, ఆ రెండేళ్ళు పోతే మళ్ళీ రావు. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే పరుగు టైము కూడా పడిపోతుంది. "బరువు తగ్గు, టైము తగ్గుతుంది" అనే కోచ్‌లు ఆ పాపం మోస్తారా?

పీటీ సార్, కె.ఆర్.పురం
నేను ఏ పిల్లనీ తిండి మానమనలేదు. అందరినీ ఒకే గాటన కట్టకండి. మీరంతా కలిసి ఏం చేస్తున్నారో చూసుకోండి. ఇది చదివిన తల్లిదండ్రులు పిల్లల్ని గ్రౌండ్‌కి పంపడం మానేస్తారు. ఫ్లాట్‌లో ఫోన్ పట్టుకుని కూర్చుంటే మీకు సంతోషమా?

లాల్‌బాగ్ పడమటి గేటు
మాట మార్చకండి. మీ గ్రౌండ్ గేటు దగ్గర బోర్డు మీద కూడా అంగుళాలు రాసి ఉన్నాయా లేవా? అది చెప్పండి ముందు.

పీటీ సార్, కె.ఆర్.పురం
ఉన్నాయి. తీయను. ఎందుకో వినండి. గుండె బలపడుతుంది, షుగర్ దూరంగా ఉంటుంది, ఎముక గట్టిపడుతుంది అని రాస్తే ఒక్కరు రారు. పన్నెండేళ్ళ పిల్లాడి తండ్రికి షుగర్ గురించి బెంగ లేదు. ఎత్తు గురించి ఉంది. ఎత్తు అని రాస్తే వస్తారు. వచ్చాక పిల్లాడికి దమ్ము వస్తుంది, ఒళ్ళు గట్టిపడుతుంది, నలుగురితో కలుస్తాడు. రోజుకి గంట కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఆ గంట ఈ ఊళ్ళో ఎంతమంది పిల్లలకి దక్కుతోంది? నేను దక్కిస్తున్నాను.

లాల్‌బాగ్ పడమటి గేటు
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. హార్మోన్ గురించి కాదన్నమాట మన గొడవ.

పిల్లలు కదలాలన్న దగ్గర మీకూ నాకూ తేడా లేదు. కానీ ఎత్తు కోసం వచ్చినవాడు ఎత్తు ఆగగానే మానేస్తాడు. పదహారు, పదిహేడు ఏళ్ళకి. పరుగు వల్ల గుండెకీ షుగర్‌కీ కలిగే లాభం నిలిచేది ఇరవై, ముప్పై, నలభైలలో కొనసాగించినవాళ్ళకే. మీరు పిల్లాడిని తెచ్చే మాటే వాడిని పంపించేస్తోంది. పైగా పెరగకపోతే తప్పు వాడిదవుతుంది. పైన వర్తూరు కోడలు గారు రాసింది చూడండి. ఇంకా పెరగాలని ఇంకో రెండు కిలోమీటర్లు కలుపుతారు. ఫిజియో గారు చెప్పిన పగుళ్ళు అక్కడ పుడతాయి.

పీటీ సార్, కె.ఆర్.పురం
మానేసేవాడు ఎలాగూ మానేస్తాడు. నాలుగేళ్ళు పరిగెత్తి మానేసినవాడు అసలు పరిగెత్తనివాడి కన్నా మేలు.

ఫిజియో, జయనగర
అది నిజమే, ఆ వయసులో కట్టుకున్న ఎముక కొంత నిలుస్తుంది. కానీ దానికి 8 కిలోమీటర్లు అక్కర్లేదు. ఎముకకి కావలసింది ఎగిరి దూకే కుదుపు. తాడాట, ఫుట్‌బాల్, కబడ్డీ, వారానికి మూడు రోజులు పది నిమిషాల గెంతులు చాలు. దూరం పరుగు దీనికి అంత పనికిరాదు.

మారతహళ్ళి అమ్మ
ఇంతమంది రాసినందుకు చాలా థాంక్సండీ. వాడికి పరుగంటే ఇష్టం, మాన్పించను. మరి ఎంత పెట్టమంటారు? ఎముక వయసు ఎక్స్‌రే ఇప్పుడే తీయించాలా?

ఫిజియో, జయనగర
ఇప్పుడక్కర్లేదండీ. ఏడాదికి 6 సెంటీమీటర్లు పెరిగాడు. ఏడాదికి 4 కన్నా తగ్గితేనో, గ్రోత్ చార్టులో తన గీత నుంచి కిందికి జారితేనో పిల్లల డాక్టర్‌కి చూపించండి. మూడు నెలలకోసారి, ఒకే వేళకి, చెప్పుల్లేకుండా, మడమలు గోడకి ఆనించి, చూపు నేరుగా పెట్టి కొలవండి. తల మీద అట్ట బల్లపరుపుగా ఉండాలి. వారం వారం కొలవొద్దు, టేపు తేడాలకే కంగారు పడతారు.

పరుగు వారానికి మూడు రోజులు, 20 నుంచి 30 నిమిషాలు, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం. చివర్లో 60 మీటర్ల వేగపు పరుగులు అయిదారు, మధ్యలో నడిచి రావాలి. ఇంకో రెండు రోజులు వేరే ఆట. కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. అన్ని ఆటలూ కలిపి వారంలో గంటలు వాడి వయసు సంఖ్య దాటకూడదు, అంటే 13. పలకలు లేచిన ఫుట్‌పాత్ వద్దు, మట్టి దారి చూసుకోండి. బూటు ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందో లేదో మూడు నెలలకోసారి చూడండి, ఈ వయసులో పాదం తొందరగా పెరుగుతుంది.

పీటీ సార్, కె.ఆర్.పురం
మా దగ్గర సాయంత్రం ఆరింటికి కూడా బ్యాచ్ ఉందమ్మా. మూడు రోజులకే ఫీజు తీసుకుంటాను, మట్టి గ్రౌండే. నిద్ర చెడదు.

లాల్‌బాగ్ పడమటి గేటు
మీ టైమింగు బాగుంది, గ్రౌండూ బాగుంది. ఆ బోర్డు మీద అంగుళాలు ఉన్నంత కాలం నేను మాత్రం ఎవరినీ మీ దగ్గరికి వెళ్ళమనను సార్.