ప్రీమియం ట్రావెల్ కార్డు ఫీజు గిట్టుబాటు అయ్యేదెప్పుడు?

కొత్త ప్రయాణికుడు (ప్రశ్న)

ఏడాదికి నాలుగైదు విమాన ప్రయాణాలు ఉంటాయి, వాటిలో ఒకటి రెండు విదేశాలకు. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాను. ప్రస్తుతం వాడేది ఫీజు లేని 1.5 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు. ప్రీమియం ట్రావెల్ కార్డుకి మారదామా అని చూస్తున్నాను. బ్రోషర్లో లాంజ్, హోటల్ స్టేటస్ (హోటల్ గొలుసులో సభ్యత్వ హోదా), ట్రావెల్ క్రెడిట్ (ప్రయాణ ఖర్చుకి కార్డు కంపెనీ ఇచ్చే మొత్తం), ఇన్సూరెన్స్ అన్నీ వరసగా రాసి, కింద ఓ పెద్ద మొత్తం వేసి 'ఇంత విలువ' అంటున్నారు. ఫీజుకి మూడు రెట్లు చూపిస్తున్న ఆ అంకెని నమ్మబుద్ధి కావడం లేదు.

అసలు ఫీజు వెనక్కి వస్తుందో లేదో లెక్క ఎలా వేసుకోవాలి? ఒక్కో పాయింటుకి ఎంత విలువ కట్టాలి? ఇన్సూరెన్స్ అవసరానికి పనికొస్తుందా, కాగితం మీదేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చిల్లర లెక్క

ఆ బ్రోషర్ అంకెని పక్కన పడేయండి. ప్రతి సౌకర్యం దగ్గరా అడగాల్సింది ఒకటే: ఈ కార్డు లేకపోయినా దీనికి డబ్బు పెట్టేవాళ్లమా? పెట్టేవాళ్లమైతే, పెట్టేంత మొత్తమే దాని విలువ. పెట్టేవాళ్లం కాకపోతే సున్నా.

ఏ కరెన్సీ అయినా సరే, ఊరికే అంకెలతో చూద్దాం. ఫీజు 500 అనుకోండి. ట్రావెల్ క్రెడిట్ 200 ఇస్తారు, కానీ అది కార్డు కంపెనీ పోర్టల్లో బుక్ చేస్తేనే. అక్కడ కొన్ని ధరలు బయటకంటే ఎక్కువ, అందుకే 170 వేద్దాం. లాంజ్‌కి ఏడాదిలో 8 సార్లు వెళ్తారు. అది లేకపోతే ఎయిర్‌పోర్టులో ఒక్కోసారి తిండికి పెట్టేది 12 అనుకుంటే 96. లాంజ్ గుమ్మం దగ్గర రాసి ఉన్న ప్రవేశ రుసుము చూసి లెక్క కట్టకండి, అది ఎవరూ కట్టే ధర కాదు. విదేశాల్లో ఖర్చు 2,000, పాత కార్డు మీద 3 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద వేసే అదనపు రుసుము) పడేది, కొత్తదానికి లేదు. మిగిలేది 60. హోటల్ స్టేటస్‌కి నేనైతే సున్నా వేస్తాను.

ఇక పాయింట్లు. ఏడాది మొత్తం ఖర్చు 12,000. క్యాష్‌బ్యాక్ కార్డు మీద 180 నికరంగా చేతికొస్తుంది. ట్రావెల్ కార్డు సగటున 2 పాయింట్ల చొప్పున ఇస్తే 24,000 పాయింట్లు. పాయింటుకి 0.015 పట్టుకుంటే 360. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, 360 మొత్తం లాభంలో వేసేసుకుంటారు. వదులుకున్న 180 తీసేస్తే అదనంగా వచ్చింది 180 మాత్రమే.

కూడితే 170 + 96 + 60 + 180 = 506. ఫీజు 500. అంటే మిగిలింది 6. మొదటి ఏడాది వెల్‌కమ్ బోనస్ 50,000 పాయింట్లు వస్తే అదే 750, కాబట్టి ఆ ఏడాది హాయిగా గిట్టుబాటు. రెండో ఏడాది నుంచి ఈ 6 దగ్గరే కథంతా. లాంజ్ ప్రయాణాలు రెండు తగ్గినా, క్రెడిట్ వాడటం మర్చిపోయినా నష్టమే.

వెల్‌కమ్ బోనస్‌కి చిన్న జాగ్రత్త. 'మొదటి 3 నెలల్లో ఇంత ఖర్చు' అన్న షరతులో యాన్యువల్ ఫీజు, నగదు విత్‌డ్రాలు, వడ్డీ లెక్కలోకి రావు. గడువు సాధారణంగా కార్డు మంజూరైన రోజు నుంచి మొదలవుతుంది, మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. కొన్నది వాపసు చేస్తే ఆ ఖర్చు కూడా వెనక్కి పోతుంది. అంచు మీద ఆగకుండా కాస్త ఎక్కువే ఖర్చు పెట్టి ఉంచండి.

ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే మాత్రం ఇదంతా వృథా. మిగిలిన బాకీ మీదే కాదు, బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్ల మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏ పాయింట్లూ ఆ వడ్డీని పూడ్చలేవు.

మైళ్ల మూట

పాయింటు విలువ గురించి. సూత్రం తేలికే: నగదు టికెట్ ధరలోంచి, పాయింట్లతో తీసుకున్నా చేతినుంచి కట్టాల్సిన పన్నులు తీసేయండి. మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. టికెట్ 600, పాయింట్లతో అయితే 25,000 పాయింట్లు + 100 పన్నులు అనుకోండి. 500ని 25,000తో భాగిస్తే పాయింటుకి 0.02. ఇంకా నిక్కచ్చిగా చూడాలంటే, నగదుతో కొంటే వచ్చే పాయింట్లను కూడా కలపాలి. 600కి మూడేసి చొప్పున 1,800 వచ్చేవి, అవి పోయాయి. భాగహారం 26,800తో చేస్తే 0.0187 దగ్గర తేలుతుంది.

బిజినెస్ క్లాస్ లెక్కలు కళ్లు జిగేల్మనిపిస్తాయి. 3,000 టికెట్ 70,000 పాయింట్లు + 200 పన్నులకి దొరికితే పాయింటుకి 0.04 వచ్చిందని సంబరపడతారు. కానీ డబ్బు పెట్టి కొనాల్సివస్తే మీరు ఎక్కేది 700 ఎకానమీ అయితే, మీకు ఆదా అయింది 500. పాయింటుకి 0.007. కాళ్లు చాపుకుని పడుకుని వెళ్లడం బాగుంటుంది, కాదనను. దాన్ని ఆదా అనకండి, అంతే.

విలువంతా ట్రాన్స్‌ఫర్‌లోనే ఉంది, అంటే కార్డు పాయింట్లను ఎయిర్‌లైన్ మైళ్లుగా మార్చుకోవడంలో. పాయింట్లు పెట్టి స్టేట్‌మెంట్ తగ్గించుకోవడం, గిఫ్ట్ వోచర్లు, వస్తువులు తీసుకోవడం దాదాపు ప్రతి కార్డులోనూ అడుగున ఉండే రేటు. ఎయిర్‌లైన్ ప్రోగ్రాంకి పంపి అవార్డు సీటు (పాయింట్లతో ఇచ్చే సీటు) తీసుకుంటేనే పై రేటు అందుతుంది. పద్ధతి తప్పకూడదు. ముందు ఎయిర్‌లైన్ సైట్లో సభ్యత్వం తీసుకుని, మీ తేదీకి అవార్డు సీటు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే కట్టాల్సిన పన్నులు ఎంతో చివరి పేజీ దాకా వెళ్లి చూడండి. ఆ తర్వాతే ట్రాన్స్‌ఫర్. ఒకసారి పంపిన పాయింట్లు వెనక్కి రావు. కొన్ని ప్రోగ్రాంలకి నిమిషాల్లో చేరతాయి, కొన్నింటికి రోజులు పడుతుంది, ఆలోపు సీటు ఎగిరిపోవచ్చు. అవార్డు సీటుని హోల్డ్‌లో పెట్టే సౌకర్యం ఆ ఎయిర్‌లైన్‌కి ఉంటే ముందు అది వాడుకోండి. కార్డు మీద పేరూ ఎయిర్‌లైన్ ఖాతాలో పేరూ ఒక్క అక్షరం తేడా ఉన్నా ట్రాన్స్‌ఫర్ ఆగిపోవచ్చు, ముఖ్యంగా ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గర.

ఏ ఎయిర్‌లైన్‌కి పంపితే దానిలోనే ఎక్కాలని లేదు. స్టార్ అలయన్స్ 1997 నుంచి, వన్‌వరల్డ్ 1999 నుంచి, స్కైటీమ్ 2000 నుంచి ఎయిర్‌లైన్ల కూటములుగా ఉన్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లతో లుఫ్తాన్సా సీటు తీసుకోవచ్చు, రెండూ స్టార్ అలయన్సే. ఒకే సీటుకి ఒక్కో ప్రోగ్రాం ఒక్కో మైళ్ల లెక్క అడుగుతుంది, పన్నుల భాగం కూడా మారుతుంది. ఆ పన్నుల విభజనలో వైక్యూ, వైఆర్ అనే కోడ్లు కనిపిస్తే అవి ప్రభుత్వ పన్నులు కావు, ఎయిర్‌లైన్ తానుగా వేసే సర్‌ఛార్జి. 'ఉచిత' టికెట్ తడిసి మోపెడయ్యేది వాటివల్లే.

పాయింట్లు కూడబెట్టుకుంటూ కూర్చోకండి. ప్రోగ్రాంలు అవార్డు రేట్లు పెంచుతూనే ఉంటాయి. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకైతే 3 ఏళ్ల గడువు. పంపేదాకా బ్యాంకు దగ్గరే ఉంచడం మేలు, అక్కడ ఉన్నంతకాలం ఎటైనా పంపొచ్చు.

హోటల్ పాయింట్ల మాట ఒక్కటే చెప్తాను. వాటిని హోటల్లోనే ఖర్చుపెట్టండి. మారియట్ హోటళ్ల పాయింట్ల ప్రోగ్రాం బాన్‌వాయ్ నుంచి చాలా ఎయిర్‌లైన్లకి 3:1 రేటు, అంటే మూడింట రెండొంతులు కళ్లముందే కరిగిపోతాయి. అదే పాయింట్లతో వరసగా 5 రాత్రులు తీసుకుంటే 4 రాత్రులకే పాయింట్లు పడతాయి.

షరతులు చదివేవాడు

ఇన్సూరెన్స్ కాగితం మీదేనా అంటే, సరైన కాగితాలు ఉన్నవాడికి కాదు. క్లెయిమ్‌లు తిరస్కరించేది ఎక్కువగా మూడు కారణాలకి: టికెట్ మొత్తం ఆ కార్డుతో కొనకపోవడం, ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా లేకపోవడం, గడువు దాటాక తెలియజేయడం.

ఆలస్యం కవర్ కొన్ని కార్డుల్లో 6 గంటలకి మొదలవుతుంది, కొన్నింటిలో 12కి. 5 గంటల 50 నిమిషాలు ఆగితే పైసా రాదు. కౌంటర్ వదిలి వెళ్లకముందే ఎయిర్‌లైన్ నుంచి ఎంతసేపు, ఎందుకు అని ఉత్తరమో ఈమెయిలో తీసుకోండి. 'ఆపరేషనల్ రీజన్స్' అని రాసిస్తే ఒప్పుకోకండి, వాతావరణమా సాంకేతిక లోపమా స్పష్టంగా రాయమనండి. బోర్డింగ్ పాస్, తిండి, హోటల్ రసీదులు, టికెట్ కొన్న నెల కార్డు స్టేట్‌మెంట్ జతచేయాలి. టికెట్ కొనేనాటికే ప్రకటించి ఉన్న సమ్మె లాంటివి కవర్ కావు.

లగేజీ రాకపోతే ఎయిర్‌పోర్టు బయటకి అడుగు పెట్టకముందే పీఐఆర్ రాయించండి, అంటే ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్. ఆ నంబరు లేకపోతే కార్డు కంపెనీ దగ్గర అడుగు ముందుకు పడదు. 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణంలో ఎయిర్‌లైన్ బాధ్యత ఎలాగూ ఉంది: 2024 డిసెంబర్ 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్) వరకు, అంతకుముందు అది 1,288. పెట్టె దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల్లో ఎయిర్‌లైన్‌కి రాతపూర్వక ఫిర్యాదు వెళ్లాలి. చాలా కార్డు పాలసీలు ఎయిర్‌లైన్ ఇచ్చింది పోగా మిగిలినదే ఇస్తాయి కాబట్టి మొదట ఎయిర్‌లైన్, తర్వాత కార్డు.

అవార్డు టికెట్ మీద కవర్ ఉంటుందా అన్నది పాలసీని బట్టి. కొన్ని, పన్నులు ఆ కార్డుతో కడితే చాలంటాయి. కొన్ని, తమ ప్రోగ్రాం పాయింట్లే అయి ఉండాలంటాయి. ఇంకో సంగతి, కార్డు ఇన్సూరెన్స్‌లో వైద్య ఖర్చుల పరిమితి తక్కువగానో అసలు లేకుండానో ఉంటుంది. విదేశీ ప్రయాణానికి వేరే మెడికల్ పాలసీ తీసుకోవాల్సిందే.

కొత్త ప్రయాణికుడు

చిల్లర లెక్క గారూ, ఆ 180 తీసేయాలన్నది నాకు తట్టనే లేదు. ఇంకో రెండు సందేహాలు. అద్దె కారుకి ఈ కార్డు కవర్ ఉంటే కౌంటర్ దగ్గర అమ్మే ఇన్సూరెన్స్ వద్దనొచ్చా? విదేశాల్లో స్వైప్ చేసేటప్పుడు ఏమన్నా జాగ్రత్తలున్నాయా?

షరతులు చదివేవాడు

వద్దనొచ్చు అనడం కాదు, వద్దనాలి. కౌంటర్ వాళ్ల సీడీడబ్ల్యూ, అంటే కొలిజన్ డ్యామేజ్ వేవర్ (కారు దెబ్బతింటే ఆ ఖర్చు మీ మీద పడకుండా చేసేది) తీసుకుంటే చాలా కార్డుల కవర్ రద్దయిపోతుంది. అద్దె మొత్తం ఈ కార్డుతోనే, కార్డుదారుడి పేరు మీదే ఉండాలి. అయితే కార్డు కవర్ మీ అద్దె కారుకి జరిగిన నష్టానికీ, దొంగతనానికీ మాత్రమే. ఎదుటి మనిషికీ ఎదుటి బండికీ జరిగిన నష్టం అందులో ఉండదు. థర్డ్ పార్టీ బాధ్యత అద్దె ఒప్పందంలో ఉందో లేదో చూసి, లేకపోతే అది మాత్రం కొనండి.

మీ కార్డు కవర్ ప్రైమరీనా సెకండరీనా కనుక్కోండి. సెకండరీ అయితే ముందు మీ సొంత వాహన బీమా కంపెనీ నష్టం చెల్లించాలి, మిగిలింది వీళ్లు ఇస్తారు. రోజుల పరిమితి కూడా ఉంటుంది, సాధారణంగా 15 లేదా 31. ఆ పరిమితి దాటిన అద్దెకి మొదటి రోజు నుంచే కవర్ ఉండని పాలసీలు ఉన్నాయి. ఖరీదైన కార్లు, పెద్ద వ్యాన్లు, బైకులు, మట్టిదారుల్లో నడపడం మినహాయింపుల్లో ఉంటాయి. కొన్ని దేశాలు కూడా. తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు బండిని నాలుగు వైపులా వీడియో తీయండి, చక్రాలు, అద్దం, మీటరుతో సహా.

దారిబత్తెం

స్వైప్ దగ్గర ఒకటే సూత్రం. మెషీన్ మీద 'మీ దేశ కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలో కట్టాలా' అని అడిగితే, ఎప్పుడూ ఇక్కడిదే. మీ కరెన్సీలో చూపించేది డీసీసీ, డైనమిక్ కరెన్సీ కన్వర్షన్. ఆ రేటులో దుకాణం వైపువాళ్ల లాభం కలిపి ఉంటుంది. మార్కప్ లేని కార్డు పట్టుకెళ్లి డీసీసీ నొక్కితే ఆ కార్డు ఉండీ ఏం లాభం? కొన్నిచోట్ల అడగకుండానే నొక్కేస్తారు. స్లిప్పులో మీ కరెన్సీ కనిపిస్తే సంతకం పెట్టక, రద్దు చేసి మళ్లీ చేయమనండి. అద్దె కారు ఒప్పందంలో డీసీసీకి ముందే టిక్ పెట్టి ఉండొచ్చు, చూసుకోండి.

హోటల్లో చెకిన్ చేసేటప్పుడు చేసేది ప్రీ-ఆథరైజేషన్, డబ్బు పోదు కానీ ఆ మేరకు లిమిట్ ఆగిపోతుంది. బిల్లు వేరే కార్డుతో కడితే పాత హోల్డ్ విడుదలవడానికి రోజులు పట్టొచ్చు. ఏటీఎంలో ఈ కార్డు పెట్టకండి, నగదుకి అదే రోజు నుంచి వడ్డీ.

ట్రావెల్ ఖర్చుకి 3 రెట్లు పాయింట్లు అన్నప్పుడు 'ట్రావెల్' అంటే ఏమిటో తేల్చేది దుకాణం బోర్డు కాదు, ఎంసీసీ (మర్చంట్ కేటగిరీ కోడ్) అనే, వ్యాపారం ఏ రకమో చెప్పే నాలుగంకెల కోడ్. ఎయిర్‌లైన్లకి 3000తో మొదలయ్యే వరస, 4511. హోటళ్లకి 3501 నుంచి 3999, 7011. ట్రావెల్ ఏజెన్సీకి 4722. మీ కార్డు 4722ని బోనస్‌లో కలపకపోతే ఏజెన్సీ సైట్లో కొన్న విమాన టికెట్‌కి మామూలు పాయింట్లే. వాలెట్‌లో డబ్బు వేస్తే 6540, దానికి చాలా కార్డులు ఏమీ ఇవ్వవు.

హోటల్ స్టేటస్‌కి సున్నా అన్న చిల్లర లెక్క గారితో కొంచెం తేడా ఉంది. ఏడాదికి పది రాత్రులు ఒకే గొలుసు హోటళ్లలో దిగేవాళ్లకి ఉచిత అల్పాహారం, లేట్ చెకౌట్ నిజంగా డబ్బు మిగిల్చేవే. అయితే గది హోటల్ సొంత సైట్లో బుక్ చేస్తేనే. మధ్యవర్తి సైట్లో తీసుకుంటే స్టేటస్ సౌకర్యాలూ రావు, రాత్రులూ లెక్కకి రావు.

లాంజ్‌కి కార్డు ఉంటే చాలదు. ప్రయారిటీ పాస్ లాంటి లాంజ్ సభ్యత్వాలకి కార్డు కంపెనీ సైట్లో విడిగా నమోదు చేసుకోవాలి. ఎయిర్‌పోర్టు క్యూలో నిలబడి చేద్దామంటే కుదరదు, వారం ముందే చేసుకోండి. చాలా లాంజ్‌లు బయల్దేరే సమయానికి 3 గంటల ముందు నుంచే రానిస్తాయి, రద్దీ ఉంటే పాస్ ఉన్నా ఆపేస్తాయి. వెంట వచ్చినవాళ్లకి తలకింత అని తర్వాత స్టేట్‌మెంట్లో పడుతుంది.

కొత్త ప్రయాణికుడు

చివరగా ఒకటి. రెండో ఏడాది లెక్క కుదరక కార్డు మానేస్తే పాయింట్లు ఏమవుతాయి?

చిల్లర లెక్క

బ్యాంకు దగ్గరున్న పాయింట్లు మూసిన రోజే పోతాయని అనుకుని నడుచుకోండి. ఎయిర్‌లైన్ ఖాతాకి వెళ్లిపోయినవి మీవే. ఫీజు పడే తేదీకి నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ట్రావెల్ క్రెడిట్ మిగిలి ఉంటే వాడేసి, అదే కంపెనీ ఫీజు లేని కార్డుకి డౌన్‌గ్రేడ్ ఇస్తారేమో అడగండి. ఇస్తే క్రెడిట్ చరిత్రలో ఖాతా వయసు నిలుస్తుంది. అయితే ఆ కార్డు నుంచి ఎయిర్‌లైన్‌కి పంపే వీలు ఉండకపోవచ్చు, కాబట్టి డౌన్‌గ్రేడ్‌కి ఒప్పుకునే ముందే పాయింట్ల సంగతి తేల్చుకోండి. బుక్ చేసిన ప్రయాణం ఇంకా ముందుంటే అది పూర్తయ్యాకే మూయండి, కార్డు మూశాక ఇన్సూరెన్స్ నిలుస్తుందా లేదా అన్నది ఒక్కో పాలసీలో ఒక్కోలా ఉంటుంది.