నాలుగో డైమెన్షన్ చూపించడానికి చీపురు పుల్లలు చాలవా? వీఆర్ హెడ్‌సెట్ కావాలా?

ఎంవీపీ లెక్కల టీచర్:
మా కాలనీ లైబ్రరీలో ఆదివారాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కల క్లబ్ నడుపుతున్నాం. ఈ నెల టెసరాక్ట్ చెబుతున్నాం. చతురస్రానికి ఘనం ఏమవుతుందో, ఘనానికి టెసరాక్ట్ అదే అవుతుంది. నిర్వాహకుల్లో ఇద్దరు వీఆర్ హెడ్‌సెట్ అద్దెకి తెద్దామంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. చీపురు పుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ఉంటే చాలు.

పోయిన వారం చేయించాను కూడా. ట్యూబ్ ముక్కకి పిన్నుతో చిల్లు పెట్టి, అందులోంచి ఇంకో ముక్క దూరిస్తే నాలుగు నోళ్లున్న జాయింట్ వస్తుంది. టెసరాక్ట్‌కి 16 మూలలు కాబట్టి, మూలకొకటి చొప్పున అలాంటివి 16 చేశారు. సగంలో ఉండగా ఒక అమ్మాయి ఆగిపోయి, "టీచర్, ఇంక లెక్కపెట్టక్కర్లేదు. పదహారు నాలుగులు అరవై నాలుగు. ఒక్కో పుల్లకీ రెండు చివర్లు. అంటే పుల్లలు 32" అంది. నేనింకా అంచుల గురించి చెప్పనే లేదు. చేత్తో జాయింట్లు చేసింది కాబట్టే ఆ అమ్మాయికి అది తట్టింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఇది వస్తుందా?

గాజువాక కోడర్:
టీచర్ గారూ, లెక్కపెట్టడం వరకూ మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ మోడల్ చూసిన పిల్లల మనసులో టెసరాక్ట్ అంటే "పెద్ద పెట్టెలో చిన్న పెట్టె" అని ముద్ర పడిపోతుంది. అది తప్పు. అందులో ఉన్న 8 ఘనాలూ ఒకే సైజువి. బీచ్ రోడ్డులో నిలబడి చూస్తే దూరంగా ఉన్న లైటు స్తంభాలు పొట్టిగా కనిపిస్తాయి కదా, లోపలి ఘనం చిన్నగా కనిపించడం కూడా అలాంటిదే. బయటి ఘనానికీ లోపలి ఘనానికీ మధ్య, పైభాగం కోసేసిన పిరమిడ్లలా కనిపించే ఆరూ అసలుకి నిఖార్సైన ఘనాలే.

నేను ఇంటర్ చదివినప్పుడు సరిగ్గా ఇలాంటి మోడలే ఎగ్జిబిషన్‌లో పెట్టారు. "లోపలిది ఎందుకు చిన్నది?" అని అడిగితే, "అది అంతే, రాసుకో" అన్నారు. ఆ ప్రశ్న ఏళ్ల తరబడి నాతోనే ఉండిపోయింది. ఉద్యోగంలో చేరాక ఒక రాత్రి నేనే ప్రోగ్రాం రాసి తిప్పి చూశాను. మనకి తెలిసిన తిరుగుడు ఒక గీత చుట్టూ ఉంటుంది. నాలుగు డైమెన్షన్లలో ఒక తలం చుట్టూ తిరుగుతుంది, నాలుగు అక్షాల్ని రెండేసి జత చేస్తే అలాంటి ముఖ్యమైన తలాలు 6 వస్తాయి. ఒక తలంలో తిప్పుతుంటే లోపలి ఘనం పక్కకి జరిగి, ఉబ్బి, బయటి ఘనం అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది పుల్లలు చూపించలేవు. పైగా మనం చేసే మోడల్ నాలుగు డైమెన్షన్ల టెసరాక్ట్ మూడు డైమెన్షన్లలో వేసే నీడ లాంటిది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కనిపించేది ఆ నీడకి నీడ. హెడ్‌సెట్‌లో అయితే అసలు నీడ చుట్టూ నడిచి చూడొచ్చు.

పూర్ణా మార్కెట్ నాన్న:
హెడ్‌సెట్ ఒకటి, పిల్లలు ముప్పై మంది. ఒకరు చూస్తుంటే మిగతా వాళ్లు ఏం చేస్తారు సార్? మా వాడికి ఒకసారి పెట్టుకుంటే పది నిమిషాల్లో తల తిరిగింది. పుల్లల మోడల్ మాత్రం ఇంటికి తెచ్చి వాళ్ల చెల్లికి చూపించాడు.

ఏయూ ఎమ్మెస్సీ:
కోడర్ అన్నా, నువ్వు చెప్పిన తప్పు నిజమే. కానీ అది పుల్లల తప్పు కాదు. అది నీడ అని ముందు చెప్పకపోవడమే తప్పు. మామూలు ఘనం ఒకటి పుల్లలతో చేసి, వెనక నుంచి టార్చి వేసి గోడ మీద చూపించండి. పెద్ద చతురస్రంలో చిన్న చతురస్రం పడుతుంది. ఆ రెండూ నిజానికి సమానమని పిల్లలకి చెప్పక్కర్లేదు, ఘనం చేతిలోనే ఉంటుంది. దాని తర్వాత టెసరాక్ట్ మోడల్ ఇస్తే అది కూడా నీడేనని వాళ్లే అంటారు.

అలీసియా బూల్ స్టాట్ సంగతి కూడా చెప్పాలి. గణిత శాస్త్రవేత్త జార్జ్ బూల్ కూతురు. యూనివర్సిటీ చదువు లేదు, కంప్యూటర్ల కాలమూ కాదు. నాలుగు డైమెన్షన్ల ఆకారాలని ముక్కలుగా కోస్తే ఏం వస్తుందో ఊహించి, ఆ కోతలన్నీ అట్టతో చేసిపెట్టింది. 1914లో గ్రోనింగెన్ యూనివర్సిటీ ఆమెకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. టెసరాక్ట్‌ని ఒక మూల నుంచి కోసుకుంటూ పోతే ముందు టెట్రాహెడ్రన్ (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం), సరిగ్గా మధ్యలో ఆక్టాహెడ్రన్ (ఎనిమిది త్రిభుజాల ముఖాలున్నది) వస్తాయి. ఇవి అట్టతో ఎవరైనా చేసుకోవచ్చు.

గాజువాక కోడర్:
టార్చి మాట ఒప్పుకుంటున్నాను, బాగుంది. కానీ అలీసియాకి ఉన్న చూపు అందరికీ ఉండదు తమ్ముడూ. నాలాంటి వాళ్లకి కదలిక కావాలి. 1978లో గణిత శాస్త్రవేత్త బాంచాఫ్, కంప్యూటర్ నిపుణుడు స్ట్రాస్ కలిసి కంప్యూటర్‌తో హైపర్‌క్యూబ్ (అంటే మన టెసరాక్టే) ఫిల్మ్ తీసింది కూడా అందుకే కదా.

ఎంవీపీ లెక్కల టీచర్:
నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్ టార్చి ముందు పుల్లల ఘనం పెట్టి మెల్లగా తిప్పాను. గోడ మీద చిన్న చతురస్రం వంగి, పక్కకి జరిగి, సాగి, పెద్ద చతురస్రం అయింది. పెద్దది లోపలికి వెళ్లింది. కోడర్ గారూ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదే కదా! నాకు ఇప్పుడు అర్థమైంది. నా మోడల్‌లో ఆ కదలిక లేదు, ఆ లోటు ఒప్పుకుంటున్నాను.

ఈ ఆదివారం ముందు టార్చి, తర్వాత పుల్లలు. చివర్లో మీ ప్రోగ్రాం ప్రొజెక్టర్ మీద వేస్తే ముప్పై మందీ ఒకేసారి చూస్తారు. హెడ్‌సెట్‌కి డబ్బు పెట్టడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

గాజువాక కోడర్:
వస్తాను మేడమ్. హెడ్‌సెట్ నా సొంతానిది తెస్తాను, అద్దె అక్కర్లేదు. ఇష్టమైన వాళ్లే పెట్టుకుంటారు. 32 చెప్పిన ఆ అమ్మాయిని మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టండి. తిరుగుతున్నంతసేపూ ఏ మూల దగ్గరైనా నాలుగు పుల్లలు తప్పుతున్నాయేమో తనే చూసి చెప్పాలి.