తొలి ఫ్రాస్ట్ (రాత్రి చలి సున్నాకు దిగి నేల మీద మంచు పేరుకోవడం) లోపు పెరట్లో ఏ పని ముందు, ఏది తర్వాత?

కొత్త సభ్యురాలి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం ఈ దేశం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వేసవి చివర్లో అపార్ట్‌మెంట్ వదిలి, పెరడున్న అద్దె ఇంటికి మారాం. ముందు గడ్డి, వెనక రెండు పెద్ద మేపుల్ చెట్లు, కంచె పొడవునా పేర్లు తెలియని పొదలు. ఇప్పుడు ఆకులు రాలడం మొదలైంది. శనివారం మూడు గంటలు ఊడ్చాను. ఆదివారం పొద్దున లేచి చూస్తే అసలు ఊడ్చినట్టే లేదు. మా ఇద్దరికీ ఉద్యోగాలు, ఇంట్లో చిన్న పాప. ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. పక్కింటాయన కొళాయి, గడ్డి, దుంపలు, కత్తిరింపులు అంటూ పెద్ద లిస్టు చెప్పారు. వింటుంటేనే టెన్షన్ వచ్చింది. నా మందారం, కరివేపాకు కుండీలు ఇంకా బయటే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మొదటి జవాబు:

చెల్లీ, వయసులో పెద్దదాన్ని కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు. ఆకులూడ్చే ఆ రేక్ గోడకు ఆనించేసి ముందు కుండీలు లోపలికి తెచ్చెయ్. ఈ రోజే. ఆకులు ఇంకో నెల రాలుతూనే ఉంటాయి, అవెక్కడికీ పోవు. మందారం మాత్రం ఒక్క రాత్రిలో పోతుంది.

ఇన్నేళ్ల పెరటి పనిలో నాకు అర్థమైంది ఇదే. కంటికి పెద్దగా కనిపించే పని మనల్ని తొందరపెడుతుంది, గడువున్న పనేమో చప్పుడు చేయకుండా పక్కన కూర్చుంటుంది. ఆ గడువు పెట్టేది చలి. రాత్రి సున్నాకు దిగితే ఏది పాడవుతుందో అది ముందు చెయ్యాలి, సున్నాకు దిగినా చెక్కుచెదరనిది తర్వాత. వాతావరణం యాప్‌లో పగటి ఎండ సంగతి వదిలేసి, రాత్రి కనిష్ఠం ఎంతో చూడటం అలవాటు చేసుకో.

వేడి ప్రాంతాల మొక్కలకైతే సున్నా దాకా ఆగకూడదు. మందారం, కరివేపాకు, మల్లె లాంటివి రాత్రిళ్లు 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం మొదలవగానే లోపలికి వచ్చేయాలి. తెచ్చే ముందు ఆకులు తిప్పి చూడు. అడుగున ఈనెల పక్కన సాలెగూడు లాంటి సన్నటి దారాలు, కళ్లు చికిలించి చూస్తే కదిలే చుక్కలు ఉంటే అది ఎర్రనల్లి. కొమ్మకు గోధుమరంగు పొలుసుల్లా అంటుకుని, గోటితో గీకితే ఊడివచ్చేవి పొలుసు పురుగులు. బయట వానా, వాటిని తినే ఇతర పురుగులూ వీటిని కొంత అదుపులో పెడతాయి. హీటర్ వేసిన పొడి గదిలో ఆ అడ్డు ఉండదు, ఎర్రనల్లికి అది పండగే. అందుకే బయట ఉండగానే ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో బాగా కడుగు. లోపలికి తెచ్చాక కూడా రెండు వారాల పాటు మిగతా మొక్కలకు దూరంగా ఉంచు.

ఆ తర్వాత ఆకులు పసుపెక్కి రాలతాయి. కంగారుపడి నీళ్లు పోయకు. వెలుతురు తగ్గింది కాబట్టి మొక్క ఆకులు వదిలేస్తోంది, దాహంతో కాదు. నా మొదటి కరివేపాకు మొక్క అలాగే పోయింది. ఆకులు రాలుతుంటే పాపం ఎండిపోతోందనుకుని రోజూ నీళ్లు పోశాను. చివరికి కుండీలోంచి తీసి చూస్తే వేళ్లు నల్లబడి మెత్తగా అయిపోయాయి. పట్టుకుంటే పైపొర జారి, లోపల దారంలాంటిది ఒక్కటే చేతిలో మిగిలింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూడు, పొడిగా తగిలితేనే నీళ్లు పోయి.

రెండోది బయటి కొళాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇరుకు గొట్టంలో దానికి చోటుండదు. మా పాత ఇంట్లో ఉన్నది చలిని తట్టుకునే రకం కొళాయే. ఆ ధైర్యంతో హోస్ పైపు తగిలించే వదిలేశాను. పైపు ఉంటే గొట్టంలోని నీళ్లు బయటికి కారిపోవు, ఆ రకం కొళాయి కూడా పగులుతుందని నాకప్పుడు తెలియదు. చలికాలమంతా ఏ తేడా కనిపించలేదు. వసంతంలో మొదటిసారి తిప్పితే బయట సన్నటి ధార, గోడ లోపల జలజలా చప్పుడు. కిందికి పరిగెత్తేసరికి బేస్‌మెంట్ కార్పెట్ తడిసిపోయింది. కాబట్టి హోస్ విప్పెయ్, ఆ కొళాయికి నీళ్లు వెళ్లే లోపలి వాల్వ్ మూసెయ్, బయటి కొళాయి తెరిచి మిగిలిన నీళ్లు కారిపోనివ్వు. మొత్తం పది నిమిషాలు పట్టదు. వాల్వ్ ఎక్కడుందో ఓనర్‌ని అడుగు. గడ్డి కింద స్ప్రింక్లర్ పైపులుంటే వాటిలోని నీళ్లను కంప్రెసర్ గాలితో ఊదించాలి. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని, ఎవరు చేయించాలో అగ్రిమెంట్‌లో చూసుకో.

ఇక ఆకులు. ఇక్కడే నీ వారాంతాలన్నీ ఖర్చవుతున్నాయి, అక్కర్లేకుండా. రాలిన ప్రతిసారీ ఊడ్చాలని రూలేం లేదు. గడ్డి మీద పలచగా పడ్డ ఎండుటాకుల మీదుగా గడ్డి కోసే మోవర్ నడిపించు, ముక్కలై గడ్డి మధ్యలోకి దిగిపోయి ఎరువవుతాయి. గడ్డి పోచల కొసలు ఆకుల మధ్య నుంచి కనిపిస్తుంటే చాలు, పర్వాలేదు. అసలు ప్రమాదం తడిసి మందంగా అతుక్కుపోయిన పొర. దాని కింద గడ్డికి వెలుతురు అందదు, చెమ్మ ఆరదు, శిలీంధ్రాలు పడతాయి. మంచు కరిగాక ఆ పొర ఎత్తి చూస్తే చాపలా ఒక్క ముక్కగా లేస్తుంది, కింద గడ్డి పాలిపోయి నేలకు అంటుకుని ఉంటుంది. మోవర్‌కి అందనంత ఎక్కువ పడినప్పుడే రేక్ తియ్యి, అదీ ఆకులు ఎండుగా ఉన్నప్పుడు. వాన పడ్డాక అదే కుప్ప ఎత్తలేనంత బరువవుతుంది, నడుం పట్టేస్తుంది.

ఊడ్చినవాటిని పారేయకు. పొదల మొదళ్లలో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిచెయ్, కాండానికి మాత్రం ఆనకుండా కాస్త ఖాళీ ఉంచు. మిగిలినవి కన్నాలు పెట్టిన సంచుల్లో తడిపి ఓ మూల పెట్టేస్తే ఏడాదికో రెండేళ్లకో నల్లటి ఆకు ఎరువవుతుంది. చేత్తో నలిపితే పొడిపొడిగా, అడవి నేల వాసన వస్తుంది. నాకైతే ఆ వాసన ప్రాణం. తెగులు పట్టిన ఆకులు మాత్రం అందులో కలపకు. గులాబీల మీద నల్ల మచ్చలున్నవి, టమాటా మొక్కల ఎండు తీగలు విడిగా తీసెయ్. ఆకుల్ని రోడ్డు మీదికీ మురుగు కాలువలోకీ నెట్టకు, వాన నీళ్లు నిలుస్తాయి. నడిచే దారి, మెట్లు మాత్రం ఎప్పటికప్పుడు ఊడ్చుకో. తడి ఆకుల మీద కాలు జారుతుంది, పాపను ఎత్తుకుని తిరుగుతావు కదా.

పొదలు వదిలెయ్. ఇప్పుడు కత్తెర పట్టుకోకు.

రెండో జవాబు:

అమ్మా, పై అక్కగారు చెప్పినవన్నీ నిజం. నేను పూల దుంపల సంగతి కలుపుతాను, ఎందుకంటే ఇవి ఆకురాలు కాలంలో తప్ప నాటడం కుదరదు. ట్యూలిప్, డాఫడిల్, క్రోకస్ దుంపలకు నెలల తరబడి చలి తగిలితేనే వసంతంలో పూలొస్తాయి. దుంప ఎత్తుకు రెండు మూడింతల లోతు గుంత తీసి, మొన పైకి ఉండేలా పెట్టి, మట్టి కప్పి ఒకసారి నీళ్లు పోస్తే అయిపోయింది. మళ్లీ వసంతం దాకా దాని వంక చూడక్కర్లేదు. తీరిక లేనివాళ్లకు ఇంతకంటే మంచి తోటపని లేదనిపిస్తుంది నాకు. ట్యూలిప్‌లను ఉడతలు తవ్వి తినేస్తాయి, డాఫడిల్స్ విషం కాబట్టి ముట్టుకోవు. మొదటి ఏడాదికి డాఫడిల్స్‌తో మొదలుపెట్టండి, పాప నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూసుకోండి. నేల గడ్డకట్టే లోపు ఎప్పుడు నాటినా సరే, ఒక్క వారాంతం జారితే ఏం కాదు.

పూల మొక్కల ఎండు కాడలు కూడా ఇప్పుడే కోయొద్దు. బోలుగా ఉన్న కాడల్లో చిన్న తేనెటీగలు, ఆకుల కింద సీతాకోకచిలుకల ప్యూపాలు (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే మధ్య దశ) చలికాలం గడుపుతాయి. గింజల కోసం పిట్టలొస్తాయి. వసంతంలో కోసుకోవచ్చు.

పాపకు మేపుల్ ఆకులు చూపిస్తున్నారా? పగలు కుదించుకుపోయేకొద్దీ ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది. పసుపు రంగు ముందు నుంచీ లోపల ఉన్నదే, అప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం ఆ కాలంలోనే ఆకు కొత్తగా తయారుచేసుకుంటుంది. మా అబ్బాయికి ఇది చెప్పిన రోజు నుంచి వాడు బడి నుంచి వస్తూ రోజుకో ఆకు తెచ్చేవాడు.

మూడో జవాబు:

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. మాకు ఆకురాలు కాలం మార్చి నుంచి మే వరకు. నెలలు మార్చుకుంటే చాలు, పనుల వరస ఇదే.

కొత్త సభ్యురాలు మళ్లీ:

అక్కా, కుండీలు నిన్న రాత్రే లోపలికి తెచ్చేశాం. కరివేపాకు కొమ్మల మీద మీరు చెప్పిన గోధుమరంగు పొలుసులు నిజంగానే ఉన్నాయి, ఇన్నాళ్లూ అవి బెరడు అనుకున్నాను. వాల్వ్ వాషింగ్ మెషీన్ వెనక దొరికింది. రెండు డౌట్లు. పక్కింటి పెరడు అద్దంలా ఉంటుంది, మాది ఆకులతో చిందరవందరగా ఉంటే ఆయన ఏమనుకుంటారోనని ఇబ్బందిగా ఉంది. రెండోది, కంచె పక్క పొదల్లో ఒకదానికి ఆకులు హృదయం ఆకారంలో ఉన్నాయి, కొమ్మ కొసన లావుపాటి మొగ్గలు రెండేసి పక్కపక్కనే ఉన్నాయి. ఈ వారమే సగానికి కత్తిరించమని ఆయన అంటున్నారు. కత్తిరించనా?

మొదటి జవాబు రాసినవారు:

వద్దు, వద్దు. నువ్వు చెప్పిన గుర్తులు లైలాక్ అనే పూల పొదకు సరిపోతాయి. ఆ లావు మొగ్గల్లో వచ్చే వసంతపు పూలు ఇప్పటికే ఉన్నాయి. ఇప్పుడు కత్తిరిస్తే పొద చావదు కానీ ఏడాది పాటు పూలుండవు. ఫోర్సిథియా కూడా అంతే, హైడ్రాంజియాల్లో చాలా రకాలూ అంతే. వసంతంలో పూసే పొద ఏదైనా పూలు వాడిపోయిన వెంటనే కత్తిరించుకోవాలి. విరిగినవీ ఎండినవీ ఎప్పుడైనా తీసెయ్యొచ్చు. పేరు తెలియని పొదను ఒక ఏడాదంతా చూసి గానీ ముట్టుకోకు, అది ఎప్పుడు పూస్తుందో అదే చెబుతుంది.

పొలుసు పురుగులకు మెత్తటి పాత టూత్‌బ్రష్ సబ్బు నీళ్లలో ముంచి కొమ్మ పొడవునా మెల్లగా రుద్ది, తర్వాత మంచి నీళ్లతో కడుగు. వారానికోసారి చొప్పున కొన్ని వారాలు చెయ్, గుడ్లు మిగిలి మళ్లీ వస్తాయి.

పక్కింటాయన సంగతికొస్తే, గేటు నుంచి గుమ్మం దాకా దారీ, ముందున్న గడ్డీ శుభ్రంగా పెట్టుకో. వెనక పెరట్లో ఆకుల్ని పొదల కిందికి తోసెయ్. అలా ఉంటే చూసినవాళ్లకు కావాలనే ఉంచారని తెలుస్తుంది, వదిలేశారనిపించదు. చలికాలానికి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక సాయంత్రం ఇంకా ముందే చీకటి పడుతుంది, కాబట్టి వారం మధ్యలో పెరటి పని పెట్టుకోకు, చీకట్లో నిచ్చెనెక్కి గట్టర్లలో (ఇంటి కప్పు అంచున వాన నీళ్లు పోయే తొట్లు) ఆకులు తీయడం అసలే వద్దు. దానికి ఆకులన్నీ రాలాక ఒక పగలు, కింద నిచ్చెన పట్టుకోవడానికి మీ ఆయన ఉన్నప్పుడు పెట్టుకో. అద్దె ఇంట్లో అది కూడా ఓనర్ పనే కావచ్చు, అడిగి చూడు.

ఈ శనివారం హోస్ విప్పు. ఎండ ఉంటే ఒక గంట మోవర్ నడుపు. ఆదివారం పాపతో కలిసి ఓ పది డాఫడిల్ దుంపలు నాటండి, గుంతలు తీయడం తనకు నచ్చుతుంది. ఆ లైలాక్ మొగ్గల ఫోటో ఒకటి పెట్టు, దగ్గరగా తీసి.